గిద్దలూరు వైపు కరాటే ఎక్కడ నేర్పుతారు?

మా వైపు, అంటే గిద్దలూరు, కంభం చుట్టుపక్కల, కరాటే మాస్టర్ కావాలంటే గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకుంటే కుదరదు. ఆగస్టు 15న స్కూల్లో పెంకులు పగలగొట్టే పిల్లల వెనక విజిల్ పట్టుకుని ఎవరు నిలబడ్డారో చూడాలి. మా అమ్మాయికి మాస్టర్ దొరికింది అలాగే.

దానికి మోజు పుట్టించింది మా అన్న కూతురు. జడ్పీ హైస్కూల్లో ఆడపిల్లలకి సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ ఇస్తారు. ఆరో తరగతి నుంచి. పథకం మంచిదే, కానీ మూడు నెలలే. సరిగ్గా నిలబడడం వచ్చేసరికి క్లాసులు అయిపోతాయి. స్కూలుకి నెలకి 5000 రూపాయలు. అందులోంచే పెట్రోలు పోసుకుని వచ్చే మాస్టర్ని ఏమంటాం?

కరాటేలో చాలా శైలులున్నాయి. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది ఫోన్లో "గోజు-ర్యూ శైలి అయితే బాగుంటుంది బావా" అన్నాడు. ఇక్కడ ఉన్నది ఒకటే హోటలు, అందులో దొరికేది ఒకటే టిఫిను. మాకు దొరికింది షోటోకాన్ అనే ఇంకో శైలి.

అంతకుముందు ఒకచోట చూశాం. మొదటి వారమే పిల్లల చేత నాన్‌చాక్ (గొలుసుతో కలిపిన రెండు కర్రలు) తిప్పించి స్టేటస్ పెట్టేశారు. మూడు నెలలకో బెల్టు టెస్టు, దానికో ఫీజు. వచ్చేశాం. ఈ షోటోకాన్ మాస్టర్ దగ్గర కొత్తగా చేరిన పిల్లాణ్ణి క్లాసంతా నిలబెట్టి, వంచిన మోకాలు పాదం వైపే ఉండేలా చేత్తో సరిచేస్తూనే ఉన్నారు. కిక్కుల ఊసే లేదు. నాకు అది నచ్చింది. మా ఆవిడకి విసుగొచ్చింది.

క్లాసు పొద్దున్నే, గ్రౌండులో. చెప్పుల్లేకుండా చెయ్యాలి, మా నేల నిండా పల్లేరుకాయలు. అందుకని ముందు పిల్లలంతా వరసగా నడుస్తూ వాటిని ఏరతారు. వార్మప్ అదే!

తర్వాత ఆ మాస్టర్ ఉద్యోగం దొరికి ఒంగోలు వెళ్లిపోయారు. ఆయన చోట మార్కాపురం నుంచి వచ్చినాయనది షిటో-ర్యూ అనే వేరే శైలి. నేర్చుకున్నదంతా పోయిందని అమ్మాయి ఒకటే టెన్షన్. హేయాన్ షోదాన్ అనే కటా (ఒక వరసలో చేసే కదలికల కూర్పు) చేసి చూపిస్తే ఆయన నవ్వి, "ఇది మా పినాన్ నిదానే కదమ్మా" అన్నారు. జపాన్‌లోని ఒకినావాలో ఇతోసు అంకో అనే మాస్టర్ స్కూలు పిల్లల కోసం కూర్చిన ఐదు కటాలట అవి. 1922లో టోక్యో వెళ్లి నేర్పడం మొదలుపెట్టిన ఫునాకోషి (షోటోకాన్ ఆయనదే) తర్వాత పేర్లు మార్చి, మొదటి రెండింటి వరస తిరగేశాడు. కటా దాదాపు అదే. షోటోకాన్‌లో కాళ్లు బాగా చాపి కిందికి దిగాలి, వీళ్లు కాస్త ఎత్తుగా నిలబడతారు. ఎల్లో బెల్టు ఉంచుకోమన్నారు. తర్వాతి బెల్టుకి మాత్రం తొందరపడొద్దన్నారు.

రాచర్ల, కొమరోలు వైపు వాళ్లెవరైనా ఉంటే ఆదివారం పొద్దున రండి. డబ్బు కట్టకముందే ఒక క్లాసు పూర్తిగా కూర్చుని చూడొచ్చు, ఆయన ఏమీ అనుకోరు. నీళ్ల సీసా తెచ్చుకోండి, అక్కడి కుళాయికి నమ్మకం లేదు.