2015 నాటి క్యాలెండరు 2026లో గోడకెక్కిన వైనం

నవంబరు 2025

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలామాలిక 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' ఆధారంగా వెలువడిన గోడ క్యాలెండర్లను నేను కొంతకాలంగా సేకరిస్తున్నాను. ఇప్పటిదాకా అవి అట్టపెట్టెలోనే ఉన్నాయి. బొమ్మలను పెట్టెలో పెట్టి మూత వేయడం కంటే, తేదీలు సరిపోయే ఏడాది వచ్చినప్పుడు ఒక్కొక్కదాన్ని బయటికి తీసి క్యాలెండరుగానే వాడుకోవడం మేలని నిశ్చయించుకుని, ముందుగా లెక్క కట్టుకున్నాను.

లెక్క చిన్నదే. మామూలు సంవత్సరంలో 52 వారాల మీద ఒక రోజు మిగులుతుంది, లీపు సంవత్సరంలో రెండు మిగులుతాయి. కనుక సంవత్సరాన్ని నాలుగుతో భాగించినప్పుడు ఒకటి మిగిలితే ఆ క్యాలెండరు 6 ఏళ్లకు, రెండు గాని మూడు గాని మిగిలితే 11 ఏళ్లకు, ఏమీ మిగలకపోతే 28 ఏళ్లకు తిరిగి పనికివస్తుంది. 2100లో ఈ సూత్రం తప్పుతుంది గాని, ఆ బెంగ మనకు అక్కరలేదు.

ఈ లెక్క ప్రకారం 2026కు సరిపోయేది 2015 క్యాలెండరు. అది డొనాటో జియాంకోలా చిత్రించినది. 2027కు 2021 నాటిది, 2029కి ఎరిక్ వెల్హేగన్ వేసిన 2018 నాటిది సరిపోతాయి. 2030కి మార్క్ సిమొనెట్టి 2013, జాన్ హౌ 2019 రెండూ పోటీపడతాయి. 2031కి గ్యారీ జియానీ 2014 ఉన్నది. 2013, 2014లకు మాత్రం ఇది రెండో వంతు. జాన్ పికాసియో బొమ్మలున్న 2012, మాగలీ విల్నవ్ బొమ్మలున్న 2016 రెండూ లీపు సంవత్సరాలవి కావడంతో వాటి వంతు 2040, 2044 దాకా రాదు. పికాసియోకు ఉత్తమ చిత్రకారుడిగా హ్యూగో పురస్కారం (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో ఇచ్చేది) దక్కింది 2012లోనే. అలాంటి చేతి పని అంతకాలం పెట్టెలో పడి ఉండవలసి రావడం నాకు నచ్చలేదు గాని, గణితం ముందు మారు మాట లేదు.

చిక్కంతా 2028తో వచ్చింది. అది శనివారంతో మొదలయ్యే లీపు సంవత్సరం. దానికి సరిపోయే 2000 నాటికి ఈ క్యాలెండర్ల పరంపర మొదలే కాలేదు. అయితే ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలలు 2011తోను, మార్చి నుంచి డిసెంబరు దాకా 2017తోను అచ్చంగా కలుస్తాయి. కాబట్టి తొలి రెండు నెలలు 2011ను చిత్రించిన టెడ్ నాస్మిత్, ఆ తరువాత 2017ను చిత్రించిన డిడియే గ్రాఫే గోడ మీద ఉంటారు. లోపించే ఫిబ్రవరి 29ని సన్నని కాగితపు పట్టీ మీద పెన్సిలుతో రాసి గడికి పక్కన తగిలిస్తే చాలు. జిగురు మాత్రం ముట్టుకోను.

డిసెంబరు 2025

ఎక్కువ శ్రమ పడింది ఈ నెలలోనే. ఇలాంటి క్యాలెండరు మన ఇళ్లలో వేలాడే వాటివలె పైన రేకు పట్టీతో ఉండదు. మూసి ఉంటే సుమారు 12 అంగుళాల చదరంగా ఉండి, తెరిస్తే పైభాగంలో బొమ్మ, కింది భాగంలో తేదీల గళ్లు వచ్చేటట్లు నడుమ రెండు పిన్నులతో బిగించి ఉంటుంది. మా ఊరు విశాఖపట్నం. సముద్రపు గాలికి మొదట దెబ్బతినేది ఆ పిన్నులే. తుప్పు చుట్టూ ఉన్న కాగితానికి పాకి, మడత దగ్గర గోధుమరంగు మచ్చ కడుతుంది. అటుపైన అక్కడే కాగితం పెళుసెక్కి చిరుగుతుంది.

అందుకని పిన్నులను తీసివేసి దారంతో కుట్టాను. క్యాలెండరును సరిగ్గా నడిమి పుటకు తెరిచి బల్లమీద పరిచి, పిన్ను కాళ్లను మొద్దు అంచు గల పలుచని చాకుతో మెల్లగా పైకి లేపి నిటారుగా చేసిన తరువాత, వెనుక వైపు నుంచి లాగాలి. లోపలి నుంచి బలవంతంగా పెకలిస్తే రంధ్రం పెద్దదవుతుంది. మిగిలిన తుప్పు పొడిని మెత్తని పొడి కుంచెతో దులపాలే గాని తడిగుడ్డ తగలనీయకూడదు. రంగు వేయని తెల్లని నూలు దారాన్ని పాత రంధ్రాల గుండానే పోనిచ్చి, నడుమ దబ్బనంతో ఇంకొక రంధ్రం చేసి, మూడు రంధ్రాల కుట్టు వేశాను. ముడి లోపలి వైపు పడేటట్లు చూసుకుంటే గోడకు ఒత్తుకోదు. దారాన్ని మరీ బిగించితే కాగితం కోసుకుపోతుంది, వదులుగా ఉంచితే పుటలు జారుతాయి. పుట తిప్పినప్పుడు మడత కదలకుండా ఉండేంత బిగువు సరిపోతుంది.

వేలాడదీయడానికి కంపెనీవారు పెట్టిన చిన్న రంధ్రాన్ని నేను నమ్మను. బరువంతా ఆ ఒక్కచోటనే పడుతుంది. బదులుగా 13 అంగుళాల టేకు బద్దలు రెండు చేయించి, వాటి లోపలి ముఖాలకు మెత్తని ఫెల్టు గుడ్డ అంటించి, తెరిచిన క్యాలెండరు పై అంచును వాటి మధ్య ఉంచి, రెండు చివరలా మరలతో బిగించాను. నెల మారినప్పుడల్లా మరలు వదులు చేయడం కొంచెం విసుగే గాని, రంధ్రం చిరగదు.

గోడ ఎంపికలో వెలుతురే ముఖ్యం. అచ్చు సిరాల్లో పసుపు, గులాబీ వన్నెలు నీలం, నలుపుల కంటే త్వరగా వెలిసిపోతాయి. కిరాణా కొట్లలో ఎండ తగిలే చోట అంటించిన పోస్టర్లన్నీ కొన్నాళ్లకు నీలంగా మారడానికి కారణం ఇదే. జియాంకోలా తైలవర్ణ చిత్రకారుడు. పాత ఐరోపా చిత్రకారుల పద్ధతిలో ముఖాలకు, ఒంటికి వెచ్చని ఛాయలు అద్దే మనిషి. ఆ వెచ్చదనం పోతే బొమ్మలో మిగిలేది కొంచెమే. కాబట్టి హాలులో పడమటి గోడను వదిలి, ఎండ నేరుగా పడని నడవలోని ఉత్తరపు గోడను ఎంచుకున్నాను.

జనవరి 2026

క్యాలెండరు గోడకెక్కింది. నూతన సంవత్సరం గురువారం, అచ్చులోనూ గురువారమే. చూసినవారిలో పైన ఉన్న 2015 అంకెను గమనించినవారు తక్కువ.

ఈ నవలల ఆధారంగా తీసిన టీవీ ధారావాహిక 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' 2011లో మొదలైన తరువాత పాఠకుల కళ్లలో కూడా నటుల ముఖాలే స్థిరపడిపోయాయి. ఈ క్యాలెండర్ల విలువ నాకు అక్కడే తెలుస్తుంది. చిత్రకారులు నవలను చదివి వేశారు, తెరను చూసి కాదు. నవలలో ముఖ్యపాత్రల్లో ఒకరైన డెనేరిస్ కళ్లు ఊదారంగువి. సిమొనెట్టి వేసిన ఇనుప సింహాసనం తెరమీది కుర్చీకి ఎన్నో రెట్లు పెద్దది, వికృతమైనది. తన ఊహకు దగ్గరగా వచ్చినది అదేనని రచయితే చెప్పారు. నాస్మిత్ 2011 క్యాలెండరులో మనుషుల కంటే కోటలకే పెద్దపీట వేశారు. భవనాల నమూనా చిత్రాలు గీసే వృత్తి నుంచి వచ్చినవారు కనుక ఆయన కోటలు నిజంగా కట్టగలిగినవిగా కనిపిస్తాయి. నా ఓటు ఇప్పటికీ ఆ క్యాలెండరుకే.

మార్చి 2026

ఉగాది దగ్గర పడడంతో తిథుల సంగతి చూశాను. వారాలు కలిసినంత మాత్రాన చంద్రుడు కలవడు. 11 ఏళ్లలో 136 చాంద్రమాసాలు గడిచి, పైన సుమారు ఒకటిన్నర రోజు మిగులుతుంది. అందువల్ల 2015లో మార్చి 21న వచ్చిన ఉగాది ఈసారి మార్చి 19న వచ్చింది. సెప్టెంబరు 17న వచ్చిన వినాయక చవితి ఈ ఏడాది 14న వస్తుంది. విచిత్రంగా ఈస్టరు మాత్రం రెండేళ్లలోనూ ఏప్రిల్ 5నే. అచ్చయిన గళ్ల మీద ఏమీ రాయకుండా, పండుగలను పలుచని ట్రేసింగ్ కాగితం మీద రాసి, నెలకొక ముక్క చొప్పున టేకు బద్దల మధ్యనే ఇరికించి కిందికి వేలాడదీస్తున్నాను.

గోడమీద లేని క్యాలెండర్లను నిలబెట్టడం మానేసి, పడుకోబెట్టి దాచాను. నున్నని ఆర్ట్ పేపరు చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుంటుంది, విడదీస్తే సిరా ఊడివస్తుంది. అందుకని బొమ్మల మధ్య ఆమ్లం లేని పలుచని కాగితం పెట్టి, పాలిప్రొపిలీన్ సంచుల్లో ఉంచాను. పీవీసీ సంచులు పనికిరావు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ వాడుతున్నాను. కలరా ఉండలు మాత్రం వేయలేదు, వాటి ఆవిరి ప్లాస్టిక్కును చెరుపుతుంది.

ఇక 2021 క్యాలెండరు కొనవలసి ఉన్నది. పాతవి అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడుగుతాను: పన్నెండు బొమ్మలూ ఉన్నాయా, గళ్లలో ఎవరైనా రాశారా, వేలాడదీసే రంధ్రం సాగిందా. ప్లాస్టిక్ పొర విప్పనిదని ఎక్కువ ధర చెప్పేవారి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ పొర ఏళ్ల తరబడి బిగిసి మూలలను వంచివేస్తుంది. బొమ్మలను కత్తిరించి విడివిడిగా అమ్మేవారూ ఉన్నారు. వారి దగ్గర ఎంత చవకగా దొరికినా నేను కొనను. తేదీల గళ్లు పోయిన తరువాత దాన్ని ఏ ఏడాదికీ వాడుకోలేము.