నాన్నగారి తుపాకీ, నా దరఖాస్తు

మా నాన్నగారు కాలం చేసేనాటికి హైదరాబాద్‌లోని మా ఇంటి బీరువాలో ఆయన పేరిట లైసెన్సున్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి, కొన్ని తూటాలు ఉన్నాయి. ఇల్లు, పొలం వారసులకు వచ్చినట్టు తుపాకీ రాదు. లైసెన్సు మనిషికే గాని కుటుంబానికి కాదు కనుక, ఆయన పోయాక కూడా దాన్ని మేము అట్టే పెట్టుకుంటే 1959 నాటి ఆయుధాల చట్టం దృష్టిలో అది లైసెన్సు లేని ఆయుధమే అవుతుంది. 2019 సవరణ తరువాత ఆ నేరానికి కనీస శిక్ష 2 సంవత్సరాల జైలు. అందువల్ల కర్మకాండలు పూర్తికాకముందే దాన్ని స్టేషనులో అప్పగించాను. రైటరు గొట్టం మీది నంబరును లైసెన్సు పుస్తకంతో సరిచూసుకొని, తూటాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రసీదు రాసిచ్చారు.

2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం చట్టబద్ధ వారసుల్లో ఒకరు, మిగిలినవారికి అభ్యంతరం లేదన్న పత్రాలతో, ఆ తుపాకీకి తమ పేరిట లైసెన్సు కోరవచ్చు. నగరంలో లైసెన్సు ఇచ్చే అధికారం పోలీసు కమిషనరుది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తమ్ముడూ చెల్లెలూ నోటరీ చేయించిన అఫిడవిట్లు, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీపత్రం, ఇవన్నీ ఓపిక ఉన్నవారికి సమకూరేవే.

నేనూ దరఖాస్తు పెట్టాను. నన్ను ఆలోచనలో పడేసింది అందుకోసం తీసుకున్న తుపాకీ శిక్షణ. మాకు నేర్పిన ఆయన, విశ్రాంత పోలీసు ఉద్యోగి, గురి సంగతి చివరికి గాని ఎత్తలేదు. తుపాకీని చేతికిచ్చే ముందు బొటనవేలితో మీట తోసి, గొట్టాలను కిందికి వంచి, తూటాలు పెట్టే రెండు అరలూ ఖాళీగా ఉన్నాయని మా కళ్లెదుట చూపించేవారు. ఆ వెంటనే మేము కూడా మళ్లీ చూడాలి. "ఇప్పుడే సార్ చూశారు కదా" అన్న ఒక యువకుణ్ణి అక్కడే ఆపి, మొదటినుంచి మళ్లీ చేయించారు. ప్రతి తుపాకీనీ నిండుగా ఉన్నట్టే భావించడం, గొట్టాన్ని మనిషి వైపు తిప్పకపోవడం, కాల్చాలని నిశ్చయించుకునేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకపోవడం, లక్ష్యం వెనుక ఏముందో తెలుసుకోవడం: వీటిలో ఏ ఒక్కటీ మనిషి మంచితనం మీద ఆధారపడదు, అతని అలవాటు మీద ఆధారపడుతుంది. పెళ్లి బారాత్‌లలో గాలిలోకి కాల్చేవారు దుర్మార్గులేమీ కారు, కాని పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట దిగక తప్పదు, అది ఎవరి మీదికైనా కావచ్చు. 2019 సవరణ అలాంటి కాల్పులకు 2 సంవత్సరాల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని విధించే వీలు కల్పించింది.

వైద్య ధ్రువపత్రం మాత్రం నాకు తృప్తి కలిగించలేదు. శారీరకంగా, మానసికంగా యోగ్యుణ్ణని నిర్ధారించవలసిన వైద్యుడు రక్తపోటు చూసి, నిద్ర బాగా పడుతుందా అని అడిగి సంతకం పెట్టేశారు.

విచారణకు ఇంటికి వచ్చిన ఎస్సై, ఇరుగుపొరుగును విచారించి, నా మీద కేసులు లేవని రాసుకొని, బీరువా ఎక్కడుందో చూసిన తరువాత, "మీకు ఎవరివల్లనైనా ప్రాణహాని ఉందా సార్?" అని అడిగారు. "లేదండీ, నాన్నగారి గుర్తుగా" అన్నాను. ఆయన అదే రాసుకున్నారు. గదిలో ఇంటరు పరీక్షలకు చదువుకుంటున్న మా అబ్బాయి సంగతి ఆయన అడగలేదు, అడగమని ఏ ఫారమూ ఆయనకు చెప్పలేదు. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఇంట్లో తుపాకీ ఉండటం ఆ ప్రమాదాన్ని పెంచుతుందని అక్కడి పరిశోధనలు తేల్చాయి. మన దేశంలో తుపాకీ హత్యలు అత్యధికం లైసెన్సు లేని ఆయుధాలతోనే జరుగుతున్నాయన్నది నిజమే, కాని ఆ నిజం మా ఇంటి బీరువాకు తాళం కాజాలదు. మార్కుల దిగులులో పిల్లవాడికి ఒక చెడు ఘడియ వస్తే, ఆ ఘడియ గడిచిపోయేదాకా చేతికి అందకుండా ఉండవలసినది ఏమిటో తండ్రికి వేరే చెప్పనక్కరలేదు.

తమ్ముడు ఒప్పుకోలేదు. "అన్నయ్యా, నాన్నగారు ఇన్నేళ్లు ఉంచుకోలేదా? మన హక్కు మనం వదులుకోవడమేమిటి?" అన్నాడు. ఇది హక్కు కాదని 2023లో సుప్రీంకోర్టు కూడా గుర్తుచేసింది: అమెరికా రాజ్యాంగంలో లాగా ఆయుధం ధరించే ప్రాథమిక హక్కు మన రాజ్యాంగంలో లేదు. నాన్నగారికి ఆ సంగతి తెలుసు. ఎన్నికల ప్రకటన రాగానే తుపాకీని స్టేషనులో జమచేసి, ఫలితాల తరువాత తెచ్చుకునేవారే గాని, నన్ను అనుమానిస్తారా అని ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆయనకు ఊళ్లో పొలం కాపలా అనే అవసరం ఉండేది. మూడో అంతస్తు ఫ్లాటులో నాకు ఏ అవసరం ఉందో, రాత్రంతా ఆలోచించినా చెప్పుకోలేకపోయాను.

లైసెన్సు రాకముందే దరఖాస్తు ఉపసంహరించుకుంటున్నట్టు లేఖ ఇచ్చి, అనుమతితో తుపాకీని లైసెన్సున్న డీలరుకు అమ్మేశాను. ఆయన కూడా గొట్టాలు వంచి, రెండు అరలూ చూసిన తరువాతే రిజిస్టరులో నంబరు ఎక్కించారు. వచ్చిన సొమ్ము చిన్నదే, ముగ్గురం పంచుకున్నాము. తమ్ముడు తన వాటా తీసుకున్నాడు గాని, ఆ విషయం ఎత్తితే ఇప్పటికీ ముఖం ముడుచుకుంటాడు.