బెర్కిద్దా బాకా, మా ఇంటి తెలుగు

బొలోన్యాలో మా అమ్మాయి ఆరో తరగతిలో చేరినప్పుడు, అది సంగీత విభాగం ఉన్న బడి కావడంతో, ఏదో ఒక వాయిద్యం నేర్చుకోవలసి వచ్చింది. ఇటలీలో ఇటువంటి బళ్లలో మూడేళ్లపాటు వాయిద్యం కూడా ఒక పాఠ్యాంశమే. పియానోకు చోటు లేక ఆమెకు ట్రంపెట్ ఇచ్చారు. తెనాలిలో ఉన్న మా అమ్మ ఫోనులో ఆ సంగతి విని, "పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండుమేళం వాళ్లు ఊదేదే కదే, ఆడపిల్లకు అదెందుకు?" అని బాధపడింది. ఆ నెలలోనే ఒక ఉపాధ్యాయురాలు, పిల్ల ఇటాలియన్ వ్యాసాలు బలహీనంగా ఉన్నాయి కనుక ఇంట్లో తెలుగు మాట్లాడడం కొన్నాళ్లు ఆపి చూడమని నాకు సలహా ఇచ్చారు. ఈ రెండు మాటలూ మనసులో మెదులుతున్న రోజుల్లోనే ఇటలీ జాజ్ ట్రంపెట్ కళాకారుడు పావొలో ఫ్రెజు జీవితం గురించి చదవడం మొదలుపెట్టాను.

ఫ్రెజు 1961 ఫిబ్రవరి 10న సార్డీనియా ద్వీపం ఉత్తర భాగంలో, లింబారా కొండ దిగువన ఉన్న బెర్కిద్దాలో గొర్రెల కాపరుల ఇంట పుట్టాడు. మూడు వేల జనాభా కూడా లేని ఆ ఊరికి సొంత బ్యాండు ఉంది. ఇటలీ పల్లెల్లో ఇటువంటి బ్యాండ్లు పునీతుల పండుగ ఊరేగింపుల్లో వాయిస్తాయి. పదకొండేళ్ల వయసులో, అంటే సరిగ్గా మా అమ్మాయి వయసులో, అతడు ట్రంపెట్ పట్టింది ఆ బ్యాండులోనే. మా అమ్మ తక్కువగా చూసిన ఊరేగింపు మేళమే అతడికి మొదటి గురుకులం. ఈ మాట చెప్పినప్పుడు అమ్మ కాసేపు మౌనంగా ఉండిపోయింది. తన పెళ్లికి వచ్చిన మేళంలో ఒక పెద్దాయన త్యాగరాజ కీర్తన ఒకటి ట్రంపెట్ మీద చివరిదాకా వాయించాడని, ఆయన పేరు ఎవరూ అడగలేదని తర్వాత చెప్పింది.

ఫ్రెజు 1984లో కాల్యారి సంగీత కళాశాలలో ట్రంపెట్ పట్టా పొంది, అదే ఏడాది నెలకొల్పిన ఐదుగురి బృందంతో నాలుగు దశాబ్దాలపాటు వాయించాడు. ఇటలీ జాజ్‌లో అతడికి ముందుతరం పెద్దదిక్కు ఎన్రికో రావా యౌవనంలోనే బ్యూనస్ ఎయిరిస్‌కు, 1967లో న్యూయార్కుకు వెళ్లి తన దారి వెతుక్కున్నాడు. ఆ దారీ గొప్పదే. అయితే ఊరు వదిలి వచ్చిన నాకు ఫ్రెజు దారి ఎక్కువగా అవసరమైంది. అతడు పారిస్‌లోనూ వాయించాడు, కానీ 1988లో "టైమ్ ఇన్ జాజ్" ఉత్సవాన్ని బెర్కిద్దాలోనే మొదలుపెట్టి, ప్రపంచ సంగీతకారులను ఆ కాపరుల ఊరికి రప్పించాడు. 2011లో యాభయ్యో ఏట, సార్డీనియాలోని యాభై చోట్ల, వరుసగా యాభై రోజులు, యాభై కచేరీలు చేశాడు.

అతడి వాయింపులో నన్ను అన్నిటికంటే కదిలించినది ఊపిరి. బుగ్గల్లో నిలిపిన గాలిని వదులుతూనే ముక్కుతో గాలి పీల్చుకొని, ఒకే స్వరాన్ని తెంపకుండా సాగదీస్తాడు. లౌనెద్దాస్ అనే మూడు గొట్టాల సార్డీనియా సన్నాయిని శతాబ్దాలుగా వాయిస్తున్న పద్ధతి ఇదే. అక్కడి పిల్లలకు ముందుగా గ్లాసు నీళ్లలో గొట్టం పెట్టి బుడగలు ఆగకుండా ఊదడం నేర్పుతారట. మా అమ్మాయి వంటింట్లో వారం రోజులు ఆ సాధనే చేసింది.

ఆ ఆగస్టులో లివోర్నో నుంచి రాత్రి ఓడలో ఓల్బియా చేరి, ఉత్సవానికి వెళ్లాము. పొలాల మధ్య ఒక చిన్న చర్చి ముందు కచేరీ జరుగుతుండగా, పక్కన కూర్చున్న ఒక ముసలాయన మా పిల్లకు నీళ్ల సీసా అందిస్తూ "అబ్బా" అన్నాడు. అలసటతో అన్నాడేమో అనుకున్నాము. తీరా వారి సార్డీనియా భాషలో నీళ్లను "అబ్బా" అంటారని, ఇటాలియన్‌లోని "ఆక్వా"కు అది దూరపు చుట్టమని ఆయనే వివరించాడు. తన చిన్నతనంలో బడిలో ఆ భాష మాట్లాడితే దండించేవారని కూడా చెప్పాడు. అదే భాషను 1999లో 482వ నంబరు చట్టం అల్పసంఖ్యాకుల భాషగా గుర్తించింది. తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి, "ఆ తాతకు రెండు భాషలూ బాగానే వచ్చు కదమ్మా" అంది. ఉపాధ్యాయురాలి సలహా గురించి నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

ఇంట్లో తెలుగు ఆపలేదు. ఇటాలియన్ వ్యాసాల కోసం రోజూ సాయంత్రం ఇద్దరం కలిసి ఒక ఇటాలియన్ కథ చదువుతున్నాము. ఆదివారాలు అమ్మమ్మ ఫోనులో ఆ పాత కీర్తన పాడుతుంటే, మనవరాలు విని ట్రంపెట్ మీద పట్టుకుంటోంది. పల్లవి వచ్చింది. అనుపల్లవిలో ఒక సంగతి దగ్గర ఇంకా ఊపిరి చాలడం లేదు.