పెరూ కొండల మీద చిత్తడి నేలల పని

విశాఖలో జియాలజీయో పర్యావరణ శాస్త్రమో చదివి పెరూ కొండల మీదికి ఫీల్డు పనికి వచ్చే మనవాళ్లకు ముందు పరీక్ష పెట్టేది ఊపిరే. 4,500 మీటర్ల ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ బీచ్‌ రోడ్డులో అందేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. 3,000 మీటర్ల దగ్గరున్న వారాస్ పట్నంలో రెండు మూడు రాత్రులు ఆగి పైకి వెళ్లాలి. ఆ పైన నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే అన్నం పలుకు మిగిలిపోతుంది, కందిపప్పు సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఆల్పాకాలు (ఉన్ని కోసం పెంచే ఒంటె జాతి జంతువులు) మేసే చిత్తడి నేలను అక్కడ బొఫెదాల్ అంటారు. మన కొండకర్ల ఆవ సరస్సులోలా తెరిచిన నీళ్లు కనబడవు. దిస్తిచియా అనే గట్టి మెత్తల్లాంటి మొక్కలు ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పెరిగి, అడుగువి పూర్తిగా కుళ్లక పీట్‌గా మిగిలిన నేల అది. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు దాదాపు ఉండవు. ఆ నెలల్లో దాన్ని బతికించేవి మంచు కరిగిన నీరు, ఊటలు.

పెరూ హిమానీనదాల విస్తీర్ణం 1962 నుంచి సగానికి పైగా తరిగిపోయింది. అయితే కరుగుదల పెరిగిన తొలి ఏళ్లలో నీరు ఎక్కువే వస్తుంది, బొఫెదాల్ ఇంకా పచ్చబడుతుంది. ఉపగ్రహ చిత్రం చూసి బాగుందని రిపోర్టు రాసేసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. మంచు బాగా తగ్గాక వానలు లేని ఆ నెలల ప్రవాహం పడిపోతుంది. శాంతా నదికి నీరిచ్చే గెడ్డల్లో చాలావాటికి ఆ గరిష్ఠ దశ దాటిపోయిందని 2012లోనే పరిశోధకులు చెప్పారు.

అందుకే పచ్చదనం కంటే నేలలోని నీటిమట్టాన్ని నమ్మాలి. మీటరున్నర పీవీసీ పైపుకు వరసగా చిల్లులు పెట్టి, అడుగు మూసి, పీట్ లోపలికి రాకుండా గుడ్డ చుట్టి నిలువుగా దించాలి. పైపు అంచు నుంచి నీటికెంత, నేలకెంత అని రెండూ ప్రతిసారీ కొలవాలి. పీట్ తడికి ఉబ్బి, ఎండకు కుంగుతుంది. నేల ఎత్తు ఒకసారి కొలిచి వదిలేస్తే లెక్క తప్పుతుంది. దగ్గరగా నిలబడితే మన బరువుకే నీరు పైకొస్తుంది కాబట్టి కాళ్ల కింద పలక వేసుకోవాలి. జూన్, జూలైలో రాత్రి పైపులో నీరు గడ్డకడుతుంది. ఎండెక్కాక వెళ్లడం మేలు.

నీటిమట్టం దిగితే పీట్‌లోకి గాలి చేరి అది కుళ్లిపోవడం మొదలవుతుంది, కార్బన్ గాలిలో కలుస్తుంది, నేల బీటలిస్తుంది. ఆల్పాకా పాదం మెత్తన. ఆవులు, గుర్రాల గిట్టలు మాత్రం మెత్తలను చీల్చేస్తాయి. ఆ చీలికలో నీరు పారి బోదె పడితే చుట్టుపక్కల తడంతా దాంట్లోకే లాగేస్తుంది.

బోదెకు గడ్డితో సహా పెళ్లగించిన మట్టిపెళ్లలు, రాళ్లతో అడ్డుకట్టలు వేస్తారు. కింది కట్ట తల పై కట్ట పాదంతో సమానంగా ఉండేలా దూరం చూసుకోవాలి. కట్ట నడుమ పల్లంగా, రెండు చివరలూ ఒడ్డులోకి దిగి ఉండాలి. సమంగా కడితే నీరు పక్కనుంచి కోసుకుపోతుంది, ఒట్టి రాళ్లైతే కిందనుంచి జారిపోతుంది. పెళ్లలు బతికున్న దిస్తిచియా నుంచి మాత్రం తీయకూడదు, అది చాలా నిదానంగా పెరిగే మొక్క.

ఏ పైపు దించాలన్నా ముందు ఊరి సభ ఒప్పుకోవాలి. మేత ఎప్పుడు ఆపాలో, ఎవరి మంద ఎటు వెళ్లాలో తేల్చేది వాళ్లే. స్పానిష్ వస్తే సరిపోదు, కాపరుల్లో పెద్దవాళ్లు ఎక్కువగా కెచువాలోనే మాట్లాడతారు. స్థానిక సహాయకుణ్ని వెంటబెట్టుకుని వెళ్లండి.