పూలమడి అంచుకు బేతంచెర్ల ముక్కలు

ఆదివారం, నంద్యాల.

మృగశిర వానలకు నేల మెత్తబడింది. ఎండాకాలమంతా గడ్డపారకే లొంగని నల్లరేగడి ఇప్పుడు పారకు దిగుతోంది. పూలమళ్ళకు అంచు కట్టుకోవాలంటే ఇదే అదను. ఇంకొన్నాళ్ళు ఆగితే గరిక ఊపందుకుంటుంది. అప్పుడు అంచు పాతాలంటే గరిక వేళ్ళు తవ్వి తీయడమే సగం పని.

మా ఇంటిముందు జాగా చిన్నదే. మధ్యలో అమ్మ పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిచే పచ్చిక. దానికి అటూ ఇటూ పూలమళ్ళు. ఒకదానిలో మల్లె, మరువం. ఇంకోదానిలో కనకాంబరాలు, చామంతి నారు. గేటు పక్కన నూరువరహాల చెట్టు. మళ్ళ అంచు వెంబడి టేపు పెట్టి కొలిస్తే 60 అడుగులు వచ్చింది. ఈ 60 అడుగులకూ తక్కువ ఖర్చులో, ఏళ్ళ తరబడి నిలిచేది ఏదని వేసవి నుంచీ ఆలోచిస్తున్నాను. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ పూలమళ్ళ అంచులే చూస్తున్నాను.

అంచు అందం కోసమే అనుకుంటారు చాలామంది. అందమూ ఉంటుంది, కాదనను. కానీ దాని అసలు పని గరికను ఆపడం. గరిక రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నేలమీద తీగ సాగి, కణుపు కణుపుకూ వేరు వేసుకుంటూ. అది కంటికి కనబడుతుంది, చేత్తో లాగేయొచ్చు. రెండోది మట్టి లోపలినుంచి, తెల్లగా, గట్టిగా, సూదిమొన ఉన్న పిలక. కనకాంబరం మొదట్లో ఆకు వేసేదాకా అది వచ్చిందనే తెలియదు. తెలిశాక లాగితే దానితోపాటు కనకాంబరమూ ఊడి వస్తుంది. గరికమీద నాకు కోపమేం లేదు. వినాయక చవితికి కావాలి, మా ఊరి ఎండకు తట్టుకునే పచ్చికా అదే. దాని చోట అది ఉంటే చాలు.

మొదట ఇటుకలే అనుకున్నాను. మా స్కూలు ఆవరణలో ఇటుకలను ఏటవాలుగా, రంపం పళ్ళలా పాతేవాళ్ళు. జనవరి 26 వస్తోందంటే, ఆగస్టు 15 వస్తోందంటే ఒకదానికి సున్నం, పక్కదానికి జాజు పూసేవాళ్ళం. ఆ వరస ఇప్పటికీ పోలీస్ స్టేషన్ల ముందు, పాత ఆస్పత్రుల ముందు కనబడుతుంది. నాకు చాలా ఇష్టం. అందుకే కూర్చుని లెక్క వేశాను. 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల మందం ఉన్న ఇటుకను ఏటవాలుగా పాతితే ఒక్కోటి నాలుగంగుళాల పైచిలుకు జాగా తీసుకుంటుంది. 60 అడుగులకు 170 దాకా పడతాయి. నిటారుగా పక్కపక్కనే నిలబెడితే 240. పొడవునా పడుకోబెడితే 80తో అయిపోతుంది గానీ, అప్పుడు మట్టిలో దిగేది రెండు మూడు అంగుళాలే. గరిక కిందనుంచి దాటేస్తుంది. డబ్బు ఆదా చేసిన చోటే పని చెడుతుంది. పైగా సరిగ్గా కాలని ఇటుక తడిమట్టిలో ఉంటే ఉప్పు పేరుకుని పొరలు పొరలుగా రాలిపోతుంది. బాగా కాలిందైతే రెండు ఇటుకలు తట్టినప్పుడు ఖంగుమంటుంది. బట్టీలో ఒక్కోటీ తట్టి ఏరుకునే వీలుంటే ఇటుక మంచిదే.

ప్లాస్టిక్ అంచు చుట్టలుగా దొరుకుతుంది. చౌక, తేలిక, ఒంపులు తిరిగిన మడికి బాగా కుదురుతుంది. కానీ నంద్యాల ఎండలో పల్చటి ప్లాస్టిక్ ఎన్నాళ్ళు ఉంటుంది? పెళుసెక్కి విరుగుతుంది, ఆ ముక్కలు మట్టిలోనే మిగులుతాయి. వెదురు దబ్బలూ సర్వీ కర్రలూ చెదల పాలు. గోదావరి జిల్లాలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో కొబ్బరి డొక్కలు బోర్లించి మడి చుట్టూ పేర్చేవాళ్ళు. కుళ్ళినవి తీసి మళ్ళీ కొత్తవి పెట్టేవాళ్ళు. పెరట్లో చెట్టున్న వాళ్ళకు అంతకన్నా చౌకది లేదు. ఇక్కడ అన్ని డొక్కలు ఎక్కడినుంచి తేను?

సిమెంటు కట్ట పోయించమని పక్కింటి బాబాయిగారు రెండుసార్లు చెప్పారు. నాకు మనసొప్పలేదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. ఆ బీటల్లో వేసవిలో నా చెయ్యి మణికట్టు దాకా పడుతుంది. అలాంటి నేలమీద సన్నటి సిమెంటు కట్ట ముక్కలవడానికి ఎంతో కాలం పట్టదు. విరిగిన కట్టను అతకలేం, తవ్వి పారేయాలి. విడివిడిగా పాతిన రాయైతే పక్కకు ఒరిగినా మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. ఈ నేలకు కదిలే అంచే సరైనది.

రాయి అనుకున్నాక దూరం వెళ్ళాల్సిన పనేముంది? బేతంచెర్ల మా జిల్లాలోనే ఉంది. గుంతకల్లు రైలెక్కితే దారిలోనే వస్తుంది. ఆ ఊరి నాపరాయి ఎన్నో ఇళ్ళలో నేలయింది. బెలుం గుహలను నీళ్ళు తొలిచిందీ ఇలాంటి సున్నపురాతిలోనే. పాలిష్ ఫ్యాక్టరీల్లో పలకను చదరంగా కోసేటప్పుడు అంచులు, మూలలు విరిగి పక్కన గుట్టలు పడతాయి. నేలకు పనికిరాని ఆ ముక్కలు మడి అంచుకు బంగారం. మేస్త్రి శుక్రవారం అటు వెళ్తూ ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చాడు. రాళ్ళకని వాళ్ళు ఏమీ తీసుకోలేదట, ఎత్తిన కూలీలకు టీ డబ్బులు ఇచ్చాడు. మాకు పడింది ఆటో బాడుగే.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. ముందు రాళ్ళు ఏరడం. అంగుళం మందం, జానెడు వెడల్పు ఉన్నవి ఒక పక్క, అంతకన్నా చిన్నవి ఇంకో పక్క. ప్రతి ముక్కకూ ఒక వైపు మెషిన్ కోసిన తిన్నటి అంచు ఉంటుంది, ఇంకో వైపు విరిగిన వంకర. తిన్నటిది పైకి, వంకరది మట్టిలోకి. దారం కట్టి, దాని వెంబడి పారతో సన్నటి గాడి తీశాడు మేస్త్రి. నేను ఐదంగుళాల లోతు చాలనుకున్నాను. అతను గడ్డపార పక్కన పెట్టి అన్నాడు: “పైకి ఎంత కనబడితే ఏమొచ్చెక్కా, లోపలికి ఎంత దిగిందనేదే లెక్క. అడుగున మొరం పోసినాక ఎనిమిదంగుళాలు మిగిలేలా తీద్దాం.” మాట సబబే. గరిక పిలకలు ఎక్కువగా పైపైనే తిరుగుతాయి. జానెడు రాయి అడ్డం ఉంటే చాలావరకు అక్కడే ఆగుతాయి.

గాడి అడుగున రెండంగుళాలు మొరం పోసి దిమ్మిస తోటి కొట్టాడు. దానిమీద రాయి నిలబెట్టి, మట్టం చూసి, రెండు వైపులా మట్టి దట్టించాడు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. నాకు బాగా నచ్చింది ఆ తర్వాతిది. రెండు రాళ్ళు కలిసే సందు ఎంత దగ్గరగా పెట్టినా వేలెడంత వెలుతురు కనబడుతుంది. గరికకు అది వాకిలి. మేస్త్రి పక్కన పెట్టిన చిన్న ముక్కలను ప్రతి సందు వెనకా, పూలమడి వైపు, పైకి కనబడకుండా ఒక్కొక్కటి దించాడు. సిమెంటు లేకుండా సందు మూసుకుపోయింది.

పచ్చిక వైపు రాయి నేలతో సమానంగా ఉంచాం. గడ్డి కోసే మిషన్ చక్రం రాయిమీదుగా పోతుంది, అంచున కత్తెర పట్టుకుని కూర్చోనక్కర్లేదు. పూలమడి వైపు మట్టి తీసి మూడంగుళాలు కిందికి దించాం. పుస్తకాల్లో, ఫొటోల్లో పూలమడి ఎప్పుడూ గట్టులా ఎత్తుగా ఉంటుంది. గోదావరి వైపు అది సరైనదే, నిలిచే నీళ్ళు పోవాలి కదా. సీమలో నీళ్ళు పోకుండా ఆగాలి. మడి పల్లంలో ఉండి చుట్టూ రాయి అడ్డం ఉంటే పోసిన బిందెడు నీళ్ళు మల్లె మొదట్లోనే ఇంకుతాయి, పచ్చికలోకి పారిపోవు. మరీ పెద్ద వాన పడితే నీళ్ళు నిలవకుండా వీధి వైపు ఒక రాయి కాస్త కిందికి దించి తూము వదిలాం.

నూరువరహాల చెట్టు దగ్గర మాత్రం ఈ రాయి వద్దన్నాను. మా మట్టిలో సున్నం ముందే ఎక్కువ. దాని లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మిగతాదంతా పసుపెక్కుతున్నాయి. మట్టిలో ఇనుమున్నా సున్నం ఎక్కువైతే చెట్టుకు అందదు. దాని చుట్టూ ఏ రాయీ సిమెంటూ లేకుండా నిమ్మగడ్డి పిలకలు నాటాం. నిమ్మగడ్డి కుదుళ్ళు కలిసిపోతే గరికకు అది కూడా అడ్డే, టీలోకీ పనికొస్తుంది.

ఎండెక్కేలోపు మల్లెమడి అయిపోయింది. కనకాంబరాల మడి సాయంత్రం మేస్త్రి కొడుకూ నేనూ కలిసి పూర్తిచేశాం. మేస్త్రి కూలి, ఆటో బాడుగ, మొరం కలిపి చూస్తే ఇటుకలు కొనడానికయ్యే డబ్బుకు కాస్త ఎక్కువ, అంతే. ఇటుకలైతే వాటిని పాతే కూలి వేరే. ఇంకా ఒక గుట్ట ముక్కలు మిగిలాయి, పెరట్లో కరివేపాకు పాదుకు వాడతాను.

పక్కింటి పిన్నిగారు వాన లిల్లీ దుంపలు ఒక సంచీడు ఇచ్చారు. రాతి వెంబడే నాటితే ఆకులు గుబురుగా పెరిగి రాయి కనబడకుండా కప్పేస్తాయన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. అంత బాగా పాతిన రాయిని కప్పడమెందుకంది. దుంపలు జానెడు లోపలికి జరిపి నాటాం.