స్నో ప్లౌ ట్రక్కు కొంటున్నారా? ముందు రివర్స్ గేరు సంగతి చూడండి

ముందు బ్లేడు (స్నో ప్లౌ) కట్టి మంచు నెట్టడానికి పాత పికప్ ట్రక్కు వెతికేవాళ్ళు మొదట ఇంజను గురించి అడుగుతారు. గ్యాసా (అంటే పెట్రోలా) డీజిలా, ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని మైళ్ళు తిరిగింది. రివర్స్ గేరు గురించి అడిగేవాళ్ళు తక్కువ. పార్కింగ్ లాట్‌లో ఈ బండి ఎంత దూరం ముందుకి పోతుందో దాదాపు అంత దూరం వెనక్కీ రావాలి. నెట్టు, ఆగు, బ్లేడు ఎత్తు, వెనక్కి రా, ఆగు, బ్లేడు దించు, మళ్ళీ నెట్టు. ఊళ్ళో ట్రాక్టరు ముందు డోజరు బ్లేడు కట్టి మట్టి నెట్టినవాళ్ళకి ఈ వరస కొత్త కాదు. ఒక్క తుఫాను రాత్రిలో గేరు వందల సార్లు మారుతుంది. మాన్యువలా ఆటోమేటిక్కా అన్నది తేలేది ఈ మార్పుల దగ్గరే.

కొత్త బండి కొనేవాళ్ళకి అసలు ఈ ప్రశ్నే లేదు. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో మాన్యువల్ 2010 మోడల్‌తో ఆగిపోయింది. జనరల్ మోటార్స్ (జీఎం) పెద్ద పికప్‌లలో అంతకు ముందే పోయింది. కమిన్స్ డీజిల్ ఇంజను ఉన్న రామ్ ట్రక్కు 2018 మోడల్ దాకా ఇచ్చి ఆపేసింది. కాబట్టి అమెరికాలో మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో గ్యాస్ స్టేషను, మోటెలు నడుపుతూ, పాత ముప్పావు టన్ను ట్రక్కు (అర టన్ను పికప్ కన్నా గట్టి తరగతి) కొని తమ లాట్ తామే శుభ్రం చేసుకుందామనుకునేవాళ్ళకే ఈ లెక్క అవసరం.

లెక్క చూద్దాం. పాత షెవీ, డాడ్జ్ ట్రక్కుల్లో విరివిగా కనిపించే మాన్యువల్ గేరు బాక్సు ఎన్‌వీ4500. దాని ఫస్ట్, రివర్స్ రెండిటి నిష్పత్తీ 5.61, అంటే ఇంజను 5.61 చుట్లు తిరిగితే గేరు బాక్సు బయటి షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. జీఎం ముప్పావు టన్ను ఆటోమేటిక్ 4ఎల్80ఇలో ఫస్ట్ 2.48, రివర్స్ 2.07. యాక్సిల్ నిష్పత్తి 4.10, ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకీ శక్తి పంచే పెట్టె) ‘లో’ రేంజి నిష్పత్తి 2.72, టైరు ఒక చుట్టు తిరిగితే బండి రెండున్నర మీటర్లు కదులుతుందనుకుందాం. ఇంజను 2000 ఆర్‌పీఎం దగ్గర మాన్యువల్ రివర్స్ ఫోర్-హైలో (ఫోర్ వీల్ మామూలు రేంజిలో) గంటకి 13 కిలోమీటర్లు వస్తుంది. ఫోర్-లోలో (ఆ 2.72 కూడా కలిసే రేంజిలో) వేస్తే 5 కూడా రాదు, మనిషి నడక అంత. ఆటోమేటిక్ రివర్స్ ఫోర్-హైలో, టార్క్ కన్వర్టర్ (ఇంజను శక్తిని ఆయిలు ద్వారా గేరు బాక్సుకి అందించేది) జారుడు లెక్కలోకి తీసుకోకపోతే, 35 దాకా పోతుంది. ఫోర్-లోలో సరిగ్గా 13.

అంటే మాన్యువల్‌కి ఫోర్-హై ఎంతో ఆటోమేటిక్‌కి ఫోర్-లో అంత. ఈ ఒక్క ముక్క తెలియక మాన్యువల్ వాళ్ళు ఫోర్-లోలో నత్తలా వెనక్కి పాకుతూ విసుక్కుంటారు. ఆటోమేటిక్ వాళ్ళేమో ఫోర్-హైలోనే పని కానిచ్చి గేరు బాక్సు మాడ్చుకుంటారు. ఫిషర్, వెస్టర్న్ లాంటి ప్లౌ కంపెనీలు మంచు నెట్టేటప్పుడు గంటకి 16 కిలోమీటర్లు దాటొద్దంటాయి. ఆటోమేటిక్ ఫోర్-లోలో ఫస్ట్ గేరు 2000 ఆర్‌పీఎం దగ్గర 11 ఇస్తుంది, సెకండ్ 18. సెలెక్టర్ 2లో పెట్టి కాస్త కాలు తేలిక చేస్తే చాలు. తారు తేలిన చోట మాత్రం ఫోర్ వీల్‌లో స్టీరింగు పూర్తిగా తిప్పకండి. ముందు వెనక చక్రాలు ఒకదాన్నొకటి పట్టి లాగుతాయి, ఆ దెబ్బ జాయింట్ల మీద పడుతుంది.

మాన్యువల్‌ని దెబ్బ తీసేది హాఫ్ క్లచ్, అంటే క్లచ్ సగం తొక్కి ఉంచడం. ఖాళీ లాట్‌లో ఫస్ట్ వేసి క్లచ్ మొత్తం వదిలేసి నెడితే ప్లేటుకి ఏమీ కాదు. నిజానికి కన్వర్టర్ వేడి లేదు కాబట్టి ఆ పని మాన్యువల్ హాయిగా చేస్తుంది. ఇబ్బంది చివరి రెండు మీటర్లలో, మంచు గుట్ట దగ్గర. బండి బరువెక్కి ఇంజను ఆగిపోయేలా ఉంటే ఎడమ కాలు తనంతట తనే క్లచ్ మీదకి పోతుంది. అక్కడ జారిన ప్రతి సెకనూ ప్లేటు అరుగుదలే. కమురు వాసన వచ్చిందంటే ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడి ఉంటాయి. గుట్ట దగ్గర బండి మొరాయిస్తే క్లచ్ పూర్తిగా తొక్కి, ఆగి, వెనక్కి వచ్చి, సగం బ్లేడు వెడల్పులో తక్కువ మంచు పట్టుకుని మళ్ళీ వెళ్ళాలి. క్లచ్ మార్చాలంటే ప్లేటు ఒక్కటే మార్చి ఊరుకోలేం. ట్రాన్స్‌ఫర్ కేసు, గేరు బాక్సు రెండూ దించాలి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి వేసి, ఫ్లైవీల్ సాఫు చేయించాలి. ఉప్పు నీళ్ళకి తుప్పు పట్టిన బోల్టులు విరగడం దీనికి కొసరు.

రెండో చిక్కు చేతులది. ఇక్కడ డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు, గేరు కుడిచేతిది. ప్లౌ జాయ్‌స్టిక్ కూడా కుడిచేతిదే. బ్లేడు ఎత్తడం, రివర్స్ వేయడం ఒకే క్షణంలో జరగాలి. కంట్రోలర్‌ని ఎడమ వైపు తలుపు దగ్గర బిగించుకునేవాళ్ళున్నారు. అప్పుడు స్టీరింగు తిప్పడానికి చెయ్యి మిగలదు. స్టీరింగు కాలమ్ మీదే గేరు మీట ఉన్న ఆటోమేటిక్‌లో ఈ గొడవ చాలావరకు తీరుతుంది. రాత్రి రెండింటి నుంచి పొద్దున ఏడింటి దాకా చేసే పని కదా, ఎడమ మోకాలు సంగతి కూడా ఆలోచించాలి.

ఇక ఆటోమేటిక్ విషయానికొస్తే, దాన్ని చంపేవి రెండు: వేడి, తొందర.

వేడి పుట్టేది టార్క్ కన్వర్టర్‌లో. బండి మెల్లగా, ఇంజను గట్టిగా ఉన్నప్పుడు లోపల ఆయిలు ఊరికే గిరగిరా తిరిగి కాగిపోతుంది. మంచు నెట్టడం అంటే పూర్తిగా అదే పరిస్థితి, లాకప్ పడే (కన్వర్టర్ జారడం మాని గట్టిగా పట్టుకునే) వేగం ఎప్పుడూ రాదు. ఆయిలు 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిది. ఆ పైన ప్రతి 11 డిగ్రీలకీ ఆయిలు ఆయుష్షు సగం అవుతుందని మెకానిక్కుల మోటు లెక్క. 115 దగ్గర జిగురు పొర కట్టడం మొదలు, 125 దాటితే సీళ్ళు గట్టిపడతాయి, 145 దగ్గర క్లచ్ ప్లేట్లు జారతాయి. డ్యాష్‌బోర్డులో ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ చూపించని బండైతే, ఆయిల్ పాన్‌లో సెన్సర్ పెట్టి గేజి బిగించుకోవడం ప్లౌ కట్టేముందే చేయాల్సిన పని. అదనపు కూలరు స్టాక్డ్ ప్లేట్ (పలకలు పేర్చినట్టుండే) రకం తీసుకోండి. చలి మైనస్ 20కి దిగే చోట థర్మోస్టాట్ బైపాస్ (ఆయిలు చల్లగా ఉన్నప్పుడు కూలరుని తప్పించి పంపేది) ఉన్నదే కావాలి, లేకపోతే ఆయిలు చిక్కబడి కూలర్లో కదలదు. కాగితే పాడు, గడ్డకట్టినా పాడు. లాట్ నుంచి లాట్‌కి రోడ్డు మీద పోయేటప్పుడు బ్లేడు నిండా ఎత్తి పెడితే రేడియేటర్‌కి గాలి తగలదు. నేల తగలనంత కిందికి దించి, ఓ పక్కకి తిప్పి, 70 లోపు వేగంతో పొండి.

తొందర అంటే, బండి ఇంకా వెనక్కి దొర్లుతుండగానే డ్రైవ్‌లో వేయడం. అలా వేసినప్పుడు రెండు టన్నుల పైబడ్డ బండిని ఆపే పని బ్రేకులది కాక లోపలి క్లచ్ ప్లేట్లది అవుతుంది. బ్రేకు తొక్కి పూర్తిగా ఆపండి. మీట మార్చండి. గేరు పట్టుకున్న చిన్న కుదుపు తెలిశాక యాక్సిలరేటర్ తొక్కండి. ఒక్క సెకను పని. జారే మంచు మీద చక్రాలు గిర్రున తిరుగుతూ ఉన్నట్టుండి తారు దొరికితే పడే దెబ్బ కూడా ఇలాంటిదే. ఫోర్‌-లోలో అది ఇంకా ఎక్కువ, కాబట్టి చక్రం తిరిగిందని తెలియగానే కాలు తీసేయాలి. అర టన్ను జీఎం ట్రక్కుల్లోని 4ఎల్60ఇ ఈ దెబ్బలకి తట్టుకోదు. లోపలి సన్ షెల్ అనే భాగం విరిగితే రివర్స్, సెకండ్, ఫోర్త్ మూడూ ఒకేసారి పోతాయి. రివర్స్ పోయిన ప్లౌ ట్రక్కుతో చేసేదేముంది? బండి ఎంత చవకైనా ప్లౌ కోసం ఈ గేరు బాక్సు జోలికి పోవద్దు.

జీతగాడితో తోలించేటట్టయితే ఆటోమేటిక్కే. మాన్యువల్ వచ్చినవాళ్ళు అమెరికాలో అరుదు. మాన్యువల్ కొనదగిన సందర్భం నాకు ఒకటే కనిపిస్తోంది: పొడవాటి సొంత దారి, వెనక్కి రావాల్సిన పని తక్కువ, తోలేది మీరొక్కరే, బండి చవక.

కొనేముందు ఆటోమేటిక్‌ని ఇలా చూడండి. ఇంజను వేడెక్కాక ఆయిలు పుల్ల తీసి వాసన చూడండి. ముదురు గోధుమ రంగు, మాడు వాసన ఉంటే వెనక్కి తిరగండి. బ్రేకు మీద కాలుంచి డ్రైవ్ నుంచి రివర్స్‌కి పదిసార్లు మార్చండి, పదోసారి మొదటిసారి కన్నా ఆలస్యంగా పట్టుకుంటే సీళ్ళు పోతున్నట్టే. మాన్యువల్ అయితే చదునైన చోట నాలుగో గేరులో ఆపి క్లచ్ వదలండి, ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా ఊగులాడితే ప్లేటు అయిపోయింది. డాడ్జ్‌లో ఎన్‌వీ4500 ఉంటే ఫిఫ్త్ గేరు పనిచేస్తుందో లేదో తప్పకుండా చూడండి, లోపలి నట్టు వదులై ఆ గేరు పోవడం వాటికి బాగా తెలిసిన జబ్బు. దాన్లో పోసేది జీఎల్-4 రకం సింథటిక్ ఆయిలు, డిఫరెన్షియల్‌కి వాడే జీఎల్-5 కాదు.