జానెడు లోతు చాలు

మాది హైదరాబాద్ విద్యానగర్‌లో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్. కాగితాల్లో 850 చదరపు అడుగులని ఉంటుంది, నేను టేపు పెట్టి గదులన్నీ కొలిస్తే 640 దగ్గర ఆగింది, మిగతాదంతా గోడలు, మెట్లు, లిఫ్టుల్లో మా వాటా అన్నమాట. కార్పెట్ ఏరియా, అంటే లోపల వాడుకునే నేల ఎంతో చెప్పి అమ్మాలని 2016లో రేరా అనే రియల్ ఎస్టేట్ చట్టం తెచ్చారు గానీ మా బిల్డింగ్ అంతకు చాలా ముందుది. ఉండేది నేను, మా ఆవిడ, పదేళ్ళ పాప. రెండో బెడ్‌రూమ్ పేరుకే బెడ్‌రూమ్, అసలు స్టోర్‌రూమ్. హన్మకొండలో అమ్మ ఇక ఒక్కతే ఉండలేని పరిస్థితి వచ్చింది, "మార్చిలో వచ్చి తీసుకొస్తానమ్మా" అని ధైర్యంగా ఫోన్లో చెప్పేశాను, ఫోన్ పెట్టేసి ఆ గది తలుపు తీశాక టెన్షన్ మొదలైంది.

కూలరు, దాని స్టాండు. ఐదు సూట్‌కేసులు. టీవీ వచ్చిన అట్టపెట్టె (వారంటీ కోసం దాచాం, వారంటీ అయిపోయి నాలుగేళ్ళు). పాప చిన్నప్పటి సైకిలు, బతుకమ్మ పేర్చే ఇత్తడి తాంబాళం, పనిచేయని మిక్సీలు రెండు, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చి ఎప్పుడో చదువుదామని పేర్చిన నా పుస్తకాలు. పైన అటక మీద ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

మొదట ఇంటీరియర్స్ వాళ్ళని పిలిచాను. లాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మలు చూపించారు, ఏ గోడ చూసినా నేల నుంచి కప్పు దాకా కప్‌బోర్డే, మొత్తం 4 లక్షల 60 వేలన్నారు. ఇక్కడ ఒక లెక్క నాకప్పుడే తెలిసింది. వీళ్ళు చదరపు అడుగుల రేటు కట్టేది ముందు కనబడే ముఖానికి, అంటే వెడల్పు ఇంటూ ఎత్తు. ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉంటే 49 చదరపు అడుగులు. లోతు అడుగైనా రెండడుగులైనా నాకిచ్చిన రేటు అదే. ఎవరైనా ఏమనుకుంటారు? డబ్బులెలాగూ అంతే కదా, లోతుగా చేయించుకుంటే లాభం అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను, వాళ్ళకి ఇవ్వలేదు గానీ వాళ్ళ డ్రాయింగే మనసులో పెట్టుకుని, తెలిసినవాళ్ళు చెప్పిన రాజస్థాన్ కార్పెంటర్ భయ్యాని మాట్లాడుకున్నాను.

ప్లైవుడ్ నేనే కొన్నాను, కొనేముందు తెలుసుకున్నది ఇంతే. షీటు ఎనిమిదడుగులు బై నాలుగడుగులు. కప్‌బోర్డు డబ్బాకి 18 ఎంఎం, వెనక పలకకి 6 ఎంఎం సరిపోతుంది. షీటు మీద ఐఎస్ఐ ముద్ర పక్కన 710 అని ఉంటే తడిని తట్టుకునే రకం, 303 అని ఉంటే అది మామూలు రకం, అందులోనూ ఎంఆర్ అని రాసి ఉన్నది పొడిగా ఉండే గదులకే. షాపులో నోటితో చెప్పేదానికీ షీటు మీద ముద్రకీ ఒక్కోసారి పొంతన ఉండదు, కాబట్టి ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఒక్కో షీటూ తిప్పి చూసుకోవడం మంచిది. సింకు కింద మాత్రం ఏ ప్లైవుడ్డూ వద్దని భయ్యానే చెప్పి పీవీసీ బోర్డు వేశాడు.

ఫిబ్రవరి చివరికి అమ్మ గదిలో రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ తయారైంది. పది బై తొమ్మిది గది కాస్తా పది బై ఏడు అయింది. మంచం వేశాక ఒక తలుపు సగమే తెరుచుకుంటోంది. నేను మాత్రం సామానంతా లోపలికి తోసేసి, గది ఖాళీ అయిందని సంబరపడిపోయాను.

అమ్మ వచ్చిన రెండో రోజు ఆ వార్డ్‌రోబ్ ముందు నిలబడి కాసేపు చూసింది. "ఏందిరా గిది, చెయ్యి పెడితే భుజం దాంక పోతాంది. ఎన్కకున్నది ఎట్ల తీస్తరు?" అంది. కొత్త కదమ్మా, అలవాటవుతుందిలే అన్నాను. "మనింట్ల గూళ్ళు జానెడు లోతుండె. ఏమున్నదో నిలవడి సూస్తె కనవడేది" అంది. మా హన్మకొండ ఇంట్లో గోడలు మందం, ఆ మందంలోనే గూళ్ళు ఉండేవి, దీపం ఒకదాంట్లో, ఉప్పుకుండ ఒకదాంట్లో, నాయిన కళ్ళద్దాలు ఒకదాంట్లో. అప్పటికి ఆ మాట పట్టించుకోలేదు, నలభై వేలు పెట్టి చేయించినవాడికి అలాంటి మాటలు చెవికెక్కవు.

వారం తిరక్కుండానే ఎక్కింది. వంటింట్లో శనగపప్పు అయిపోయిందని మా ఆవిడ చెబితే కిలో తెచ్చాను. పాత అరలోంచి వెనక డబ్బాలు బయటికి తీస్తే మూడు చోట్ల శనగపప్పు ఉంది, ఒకదానికి పురుగు కూడా పట్టింది. ఆ ఆదివారం ముగ్గురం నేల మీద పాత పేపర్లు పరిచి వంటింటి డబ్బాలన్నీ దించాం, పాప లెక్కపెట్టింది. అరవై ఒకటి. అందులో ఖాళీవి పద్నాలుగు! ఖాళీ డబ్బాల్ని దాచడానికి మనం చదరపు అడుగుల లెక్కన డబ్బులు కడుతున్నాం అన్నమాట.

అప్పుడు టేపు తీసుకుని గదుల్ని వదిలేసి డబ్బాల్ని కొలిచాను. మావి ఎక్కువగా బేగంబజార్‌లో కొన్న స్టీలు డబ్బాలు, ఐదున్నర అంగుళాల వెడల్పు. వంటింటికి వెళ్ళే నడవలో మూడడుగుల ఖాళీ గోడ ఉంది. అక్కడ ఏడంగుళాల లోతుతో, ఆరున్నర అడుగుల ఎత్తులో తలుపుల్లేని రాక్ పెట్టించాను, ఎనిమిది అరలు, అరకి ఆరు డబ్బాలు, ఒకే వరస. నలభై ఎనిమిది పడతాయి, మాకున్నవి నలభై ఏడు. మూడడుగులు దాటితే బరువుకి అర మధ్యలో వంగుతుందని భయ్యా ముందే చెప్పాడు, అందుకే అక్కడికే ఆపాం. రెండు షీట్లు కూడా పట్టలేదు. ఇప్పుడు ఏది అయిపోయిందో బూట్లు విప్పుతూనే కనిపిస్తుంది. తలుపులు లేకపోతే దుమ్ము పడుతుందని మా ఆవిడ గొణిగింది, నిజమే, పదిహేను రోజులకోసారి తుడవాలి, ఆ డ్యూటీ నాదే.

బియ్యం సంగతి వేరు. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేసినప్పటి నుంచి మన దగ్గర 26 కిలోల బస్తాలు వస్తున్నాయి కదా, అదంతా పట్టే డ్రమ్ముకి రాణిగంజ్‌లో తెచ్చిన చక్రాల పలక బిగించి ప్లాట్‌ఫామ్ కిందికి తోశాను. పక్క అర సిలిండర్‌ది. దానికి తలుపు పెట్టేవాళ్ళు ఒకటి చూసుకోండి, వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే చేరుతుంది, కాబట్టి గాలి కన్నాలు తలుపుకి అడుగున ఉండాలి. మాకు అందం కోసం పైన పెట్టారు, మళ్ళీ విప్పించి కింద కోయించాను.

మంచం విషయంలో హైడ్రాలిక్ బెడ్, అంటే పరుపుతో సహా పైకెత్తి కింద సామాను పెట్టుకునేది, కొందామని అందరూ అన్నారు. షాపులో అమ్మ చేత ఎత్తించి చూశాను, పరుపు బరువుతో కలిపి ఆమె వల్ల కాలేదు. పైగా కింద దుప్పటి కావాలంటే పక్క మీద ఉన్నవాళ్ళు లేవాలి. ఆమె తెచ్చుకున్న ట్రంకు పెట్టెలు రెండున్నాయి, పన్నెండంగుళాల ఎత్తు. మంచం కోళ్ళ కింద దిమ్మలు పెట్టి పద్నాలుగంగుళాల సందు చేసి, పెట్టెలకి చక్రాలు వేశాం, కాలితో లాగితే వస్తాయి. సూట్‌కేసులు ఒకదాంట్లో ఒకటి దూర్చితే ఐదు కాస్తా రెండయ్యాయి, వాటిలో రజాయిలు. పుస్తకాలకి తలుపుల పైన, ఏడడుగుల ఎత్తులో గోడ పొడుగునా ఎనిమిదంగుళాల అర. పట్టనివి మళ్ళీ ఆబిడ్స్‌కే పోయాయి, కొన్న ధరలో పావు వంతు వచ్చింది, బాధేసింది, ఆ బాధలోనే ఇంకో రెండు కొన్నాను.

అసలు దెబ్బ ఆగస్టులో తగిలింది. ఆ పెద్ద వార్డ్‌రోబ్ బాత్‌రూమ్ గోడకి ఆనించి కట్టించాను, వానలకి గోడ చెమ్మ లాగి వెనక పలకంతా బూజు. అమ్మ గద్వాల చీర ఒకటి కలరా ఉండల వాసన, బూజు వాసన రెండూ కలిసి ఇంకోలా తయారైంది. ఆమె ఏమీ అనలేదు, బాల్కనీలో నీడకి ఆరేసి ఊరుకుంది, తిట్టినా బాగుండేది. భయ్యాని మళ్ళీ పిలిచి దాన్ని విప్పించి, లోతు కోయించి, బయటి గోడ కాని వేరే గోడకి రెండంగుళాలు ఎడంగా నిలబెట్టించాను. హ్యాంగర్ అడ్డంగా పట్టాలంటే రెండడుగులు కావాలి, అందుకని ఒక్క భాగం అలాగే ఉంచి మిగతాది మడత బట్టలకి పద్నాలుగంగుళాలే చేశాడు. గదికి దాదాపు అడుగు తిరిగొచ్చింది, ఇప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంటోంది. రెండోసారి కూలీ పదకొండు వేలు.

అటక ఖాళీ చేస్తే ఎంత చెత్త దిగిందో చెప్పను, పాత సామాన్ల అతను రెండు ట్రిప్పులు వేశాడు. తాంబాళం, దీపావళి ప్రమిదలు, ఏడాదికోసారి దిగే సామాను మాత్రమే పైన ఉంచి, ఏముందో సుద్దముక్కతో అటక అంచు మీద రాశాం.

కూలర్‌కి మాత్రం దారి దొరకలేదు. మార్చి నుంచి జూన్ దాకా అది లేకపోతే బతకలేం, మిగతా ఎనిమిది నెలలు దాన్ని ఎక్కడ పెట్టినా అడ్డమే. ప్రస్తుతం బాల్కనీలో గోనెసంచి కప్పుకుని ఉంది, దాని మీద అమ్మ వడియాల ప్లేటు పెడుతోంది. మొన్న మా చిన్నమ్మ ఫోన్ చేసి, ఊళ్ళో మిగిలిపోయిన ఇత్తడి గుండిగ కూడా పంపిస్తానంది. అమ్మ నా వైపు చూసింది. నేను లేచి టేపు కోసం వెళ్ళాను.